ఆవిడ చెయ్యి ఎందుకు లాగుతోంది? బాల్‌రూమ్ డాన్స్ శిబిరం నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ దంపతులిద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. అడుగుకూ చెవికీ చేతికీ సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. జీవితంలో ఒక్క అడుగు కూడా వేయని పెద్దవాళ్లకు డాన్స్ నేర్పే నాలాంటి వాళ్ల కోసం ఇది. రెండున్నర రోజుల పాటు ఒక మనిషికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నిజానికి ఆయనకున్న ఒకే ఒక్క ఆసరాను నా చేతులతోనే తీసేశాను.

నేపథ్యం

ఊరికి దూరంగా, పొలాల మధ్య అయిదు రోజుల బాల్‌రూమ్ శిబిరం. బాల్‌రూమ్ అంటే ఇద్దరు జంటగా పట్టుకుని హాలు చుట్టూ కదులుతూ వేసే డాన్స్. వచ్చిన వాళ్లు పద్దెనిమిది మంది, అందరూ కొత్తవాళ్లే. నేర్పడానికి నేనూ, మా అసిస్టెంట్ ఒకావిడా. పొద్దున గంటన్నర పాఠం, మధ్యాహ్నం గంటన్నర, రాత్రి భోజనాలయ్యాక ఇష్టమున్న వాళ్లకు ప్రాక్టీసు. ఒకప్పుడు ధాన్యం నిలవ చేసిన పెద్ద కొట్టాన్ని బాగుచేసి, చెక్క నేల వేసి హాలుగా మార్చారు. చెక్క నేల కాళ్లకు మంచిదే. ఎత్తయిన పైకప్పు, బోడి గోడలు మాత్రం చెవులకు మంచివి కావు. మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొడితే ఆ చప్పుడు కాసేపు పైన తిరుగుతూనే ఉంటుంది. మొదటి రోజే అది విన్నాను. పాట మొదలైతే సర్దుకుంటుందిలే అనుకుని వదిలేశాను.

మొదటి రోజు వాల్ట్జ్‌తో మొదలుపెట్టడం నా అలవాటు. మూడు లెక్కలు, మూడు అడుగులు: ముందుకు ఒకటి, పక్కకు ఒకటి, కలపడం ఒకటి. కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి. ఒకటి-రెండు-మూడు అంటే ఒంటబట్టని వాళ్లకు తకిట తకిట అంటాను, "త" దగ్గర బరువు దించమంటాను. ఒకటి-రెండు-మూడు ఒక చుట్టు అయితే దాన్ని ఒక బార్ అంటాం. స్లో వాల్ట్జ్ నిమిషానికి 28 నుంచి 30 బార్ల వేగంలో నడుస్తుంది. 30 బార్లంటే నిమిషానికి 90 బీట్లు, ఒక్కో అడుగుకు సెకనులో మూడింట రెండు వంతుల సమయం. చదువుతుంటే తక్కువ అనిపిస్తుంది గానీ, నడక వచ్చిన ఎవరికైనా అది సరిపోతుంది.

ఈ దంపతులకు అరవైకి దగ్గర వయసు. శిబిరానికి రావాలన్న కోరిక ఆవిడది. చిన్నప్పుడు పాట నేర్చుకున్నారు, చెవి చాలా పదును. ఆయన మితభాషి, చెప్పింది శ్రద్ధగా చూసే మనిషి. "చూసే" అన్న మాట కావాలనే రాస్తున్నాను. ఆ మాట విలువ నాకు మూడో రోజు గానీ తెలియలేదు.

సమస్య ఎలా కనిపించింది

జంటలు కట్టకముందు అందరూ వరసల్లో నిలబడి నా వైపు చూస్తూ అడుగులు వేస్తున్నప్పుడు ఆయనలో ఏ తప్పూ లేదు. మిగతా వాళ్లకంటే శుభ్రంగా వేస్తున్నారు. జంటగా పట్టుకుని హాలు చుట్టూ కదలడం మొదలవగానే అంతా చెదిరింది. పాటలో "ఒకటి" వచ్చినప్పుడు ఆయన కదలరు. "రెండు"కు బయల్దేరతారు. దాంతో కాళ్లు కలపాల్సిన అడుగు తర్వాతి బార్‌లోని "ఒకటి" మీద పడుతుంది. ఆవిడ అప్పటికే వెనక్కి అడుగేసి ఉంటారు, ఆయన ఇంకా అక్కడే ఉంటారు. ఇద్దరి మధ్య జానెడు ఖాళీ, ఆ ఖాళీలో ఒకరి మోకాలు ఒకరికి తగలడం.

ఇంకో సంగతి కూడా గమనించాను. ఆయన ఎడమచేతిలో ఉన్న ఆవిడ కుడిచెయ్యి ప్రతి రెండు మూడు బార్లకు ఒకసారి చిన్నగా కుదుపిచ్చి లాగుతోంది. లీడ్ చేయాల్సింది, అంటే ముందు కదిలి నడిపించాల్సింది ఆయన. ఆ వెంట ఫాలో కావాల్సిన మనిషి చెయ్యి లాగితే దాన్ని మేం బ్యాక్ లీడింగ్ అంటాం, మొదటి వారంలోనే మాన్పించే అలవాటు అది.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాసుకున్నాను. "ఆయన: బీట్ అందట్లేదు. ఆవిడ: లాగుతున్నారు. తలుపు పక్క గోడ దగ్గరే ఎక్కువ తప్పుతున్నారు, ఎదుటి గోడ దగ్గర నయం." మూడూ నిజాలే. మూడింటికీ నేను చెప్పుకున్న కారణాలే తప్పు. తలుపు పక్క గోడ దగ్గరే స్పీకరుంది, నేనూ అక్కడే నిలబడి లెక్క చెబుతున్నాను, వంతు కోసం ఆగినవాళ్లూ అక్కడే కూర్చున్నారు. అందరూ చూస్తున్నారన్న బెరుకుతో తప్పుతున్నారని రాసుకున్నాను. స్పీకరుకు దగ్గరగా ఉన్న చోట బీట్ ఎందుకు పోతుందన్న ప్రశ్న నాకు రాలేదు.

ఏమేం ప్రయత్నించాను, ఎందుకు

ముందు బీట్ అందుతోందా లేదా తేల్చుకోవాలనుకున్నాను. రెండో రోజు పొద్దున అందరినీ గుండ్రంగా నిలబెట్టి, పాట పెట్టి, "ఒకటి" మీద చప్పట్లు కొట్టించాను. ఆయన ఒక్కటీ తప్పలేదు. అయితే చెవి బాగానే ఉంది, లోపం కాళ్లలో ఉంది అని తీర్మానించాను. గుండ్రంగా నిలబడితే ఆయనకు ఎదురుగా పదిహేడు జతల చేతులు కనిపిస్తున్నాయన్నది నాకు తట్టలేదు. ఆయన పాటకు కొట్టలేదు, మా చేతులకు కొట్టారు.

లోపం కాళ్లలో ఉందనుకున్నాక వేగం తగ్గించడమే తోచింది. నిమిషానికి 24 బార్లకు తగ్గించాను. ఇంకా పాడైంది. ఇది చాలామంది నేర్పేవాళ్లు చేసే పొరపాటే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మెల్లగా వేస్తే తేలిక అనిపిస్తుంది గానీ డాన్స్‌లో అలా కాదు. వేగం తగ్గిన కొద్దీ ఒంటి బరువు ఒక కాలి మీద నిలబడాల్సిన సమయం పెరుగుతుంది. ఆ వేగంలో ఒక బార్‌కు రెండున్నర సెకన్లు. "రెండు" నుంచి "మూడు" దాకా మునివేళ్ల మీద లేచి నిలవాలి, మూడు చివర మడమ దించాలి. నిలకడ రాని మనిషి అంతసేపు ఆగలేక పక్కకు ఒరుగుతాడు, ఆ ఒరగడంలో తర్వాతి అడుగు ముందే పడిపోతుంది. పైగా బీట్‌కూ బీట్‌కూ మధ్య ఎడం పెరిగితే, బీట్ సరిగ్గా అందని చెవికి పట్టుకోవడానికి ఆనవాళ్లు ఇంకా తగ్గుతాయి. ఆ రెండో కారణం ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు నాకు మొదటిదే తెలుసు. వేగాన్ని మళ్లీ 29కి తెచ్చాను.

మూడో ప్రయత్నం మీద నాకు బాగా నమ్మకముండేది. ఆవిడను పక్కకు పిలిచి, చెయ్యి లాగొద్దని చెప్పాను. "మీరు లాగుతుంటే ఆయనకు తానే మొదలుపెట్టాలన్న ధైర్యం రాదండీ. ఆయన తప్పినా సరే ఆగండి. ఆయన కదిలేదాకా మీరు కదలొద్దు" అన్నాను. ఇది పాఠ్యపుస్తకంలో ఉండే సలహానే, వందమందికి చెప్పి ఉంటాను. ఆవిడ తల ఊపి వెళ్లి చెప్పినట్టే చేశారు. వేళ్లు బిగించకుండా, చెయ్యి ఊరికే ఆయన అరచేతిలో పెట్టి ఉంచారు.

ఆ మధ్యాహ్నం ఆయన పూర్తిగా ఆగిపోయారు. పాట నడుస్తోంది, చుట్టూ జంటలు కదులుతున్నాయి, ఈ ఇద్దరూ తలుపు పక్క గోడ దగ్గర పట్టుకుని నిలబడిపోయారు. వెనక నుంచి వస్తున్న జంట వాళ్లకు తగిలింది. దెబ్బ ఏమీ లేదు గానీ ఆయన చేతులు వదిలేసి కుర్చీలో కూర్చున్నారు. "నాకిది తలకెక్కదు మాస్టారూ. ఆవిడను ఇంకెవరితోనైనా వేయనివ్వండి" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. బయటికి వెళ్లిపోయారు.

సాయంత్రం జంటలను మార్చి చూశాం. కొత్తవాళ్లకు ఇది మంచి మందు. ఇంట్లో ఉన్న మాటపట్టింపులు పరాయి మనిషితో ఉండవు. ఆయన ఆరుగురితో వేశారు. అయిదుగురితో అదే తంతు. ఆరో ఆవిడతో మాత్రం దాదాపు ఒక పాట మొత్తం బాగా నడిచింది. ఏం చేశారని అడిగితే "నేనేం చేశానండీ, ఊరికే వేశాను" అన్నారు. ఆవిడకు అడుగు బాగా కుదిరింది కాబట్టి ఆయనను లాక్కెళ్లిపోయారని అనుకున్నాను. మా అసిస్టెంట్ మాత్రం ఒక ముక్క చెప్పింది: "ఆవిడకు బీట్ వేళ్లతో వేసుకునే అలవాటుందండీ, ఆయన జబ్బ మీద వేస్తోంది." విన్నాను, పట్టించుకోలేదు.

ఆ రాత్రి పక్కనున్న చిన్న గదిలో ఆయనకు విడిగా పాఠం చెప్పాను. ఫోన్‌లో పాట పెట్టి, ఎదురుగా నిలబడి, చేతులు మాత్రం కలిపి, నోటితో లెక్క చెబుతూ వేయించాను. పావుగంటలో ఒక్క తప్పూ లేదు. చాలా సంతోషంగా గది బయటికి వచ్చి నోట్‌బుక్ తెరిచి "బెరుకే. ఇంకేం లేదు" అని రాశాను. మర్నాటి నుంచి వాళ్లను మూలకు పంపి, ఎవరూ చూడని చోట వేయిద్దామని నిర్ణయించుకున్నాను. ఆ మూల స్పీకరున్న గోడ చివరే.

ఇక్కడ నా ఆలోచనలోని లోపం ఏమిటంటే, బాగా చేసిన సందర్భాలన్నీ ఒక చోట పెట్టి చూడలేదు. వరసల్లో బాగా చేశారు, గుండ్రంగా నిలబడి బాగా చేశారు, గదిలో బాగా చేశారు. మూడింట్లోనూ ఎదుటి మనిషి కనిపిస్తున్నాడు. బాల్‌రూమ్ పట్టులో మాత్రం కనిపించదు. ఇద్దరూ కాస్త పక్కకు జరిగి నిలబడతారు, ఎవరి తల వాళ్ల ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. ఆయనకు ఆవిడ ముఖం కనిపించదు. ఆవిడ నెమ్మదిగా లెక్క చెప్పినా ఆ మాట వెళ్లేది ఆయన కుడి చెవికే.

బండి దారిలో

మూడో రోజు పొద్దున పాఠం పెట్టను. అప్పటికి అందరికీ పిక్కలు పట్టేసి ఉంటాయి. అలవాటు లేని వాళ్లు మడమ ఎత్తి దించడం వందలసార్లు చేసి ఉంటారు. అందుకని నడకకు తీసుకెళతాం. పొలాల మధ్య సన్నని బండి దారి, ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు, ముగ్గురు నడవలేరు. నేను ఆ దంపతుల వెనక ఉన్నాను.

ఆయనకు ఎడమవైపు ఆవిడ నడుస్తున్నారు. దారి మలుపు తిరిగినప్పుడు గుంట అడ్డమొచ్చి ఇద్దరూ అటూ ఇటూ అయ్యారు. నాలుగడుగుల్లో ఆవిడ మళ్లీ వెనక నుంచి చుట్టి ఎడమవైపుకే వచ్చారు. మాట్లాడుతూనే, ఆలోచించకుండానే. కాసేపటికి వెనక నుంచి ట్రాక్టర్ వచ్చింది. మేమంతా గట్టు మీదికి జరిగాం. ఆయన జరగలేదు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చిన్నగా, ఒక్క కుదుపుతో లాగారు. ఆయన వెనక్కి చూడకుండానే పక్కకు జరిగారు.

ఆ కుదుపు నాకు తెలుసు. రెండు రోజులుగా హాల్లో చూస్తున్నదే. అదే మణికట్టు, అదే బలం. నేను బ్యాక్ లీడింగ్ అని పేరు పెట్టి మాన్పించిన అలవాటు.

వెంటనే అడగలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన బల్ల కుడి చివర కూర్చోవడం చూశాను. అందరూ ఎడమవైపు ఉండేలా. పోయిన రెండు రోజులూ అక్కడే కూర్చున్నారని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి కూర్చున్నాను. ఎలా అడగాలా అని చాలాసేపు ఆలోచించాను. "మీకు సరిగ్గా వినపడదా?" అంటే ఎవరైనా "వినపడుతుందే" అంటారు. వినపడుతుంది కూడా. అందుకని "మీకు ఏ చెవి బాగా వినిపిస్తుందండీ?" అన్నాను.

"ఎడమది" అన్నారు టక్కున. "చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి కుడిది పోయింది. పూర్తిగా పోయింది. అదో పెద్ద విషయం కాదు కదా, యాభై ఏళ్ల కిందటి మాట."

గవదబిళ్లల వల్ల ఇలా జరగడం వైద్యులకు తెలిసిన సంగతే. చాలావరకు ఒక చెవికే జరుగుతుంది. చిన్నప్పుడే పోతుంది కాబట్టి మనిషి దానికి పూర్తిగా అలవాటు పడిపోతాడు. చెవి మిషన్ లేదు, గట్టిగా మాట్లాడమని అడగడం లేదు, పైకి ఏ గుర్తూ లేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా మాట్లాడితే అందరిలాగే వింటారు. గోలలో మాత్రం ఇబ్బంది. రెండు చెవులుంటే శబ్దం ఎటు నుంచి వస్తోందో, ఏది ముఖ్యం ఏది గోల అన్నది మెదడు విడదీసుకుంటుంది. ఒక్క చెవితో ఆ పని చాలా కష్టం. మా శిబిరం ఫారంలో గుండె గురించి అడిగాం, మోకాళ్ల గురించి, నడుము గురించి అడిగాం. చెవి గురించి అడగలేదు.

తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పెళ్లయినప్పటి నుంచీ అలాగే పిలుస్తానండీ ఆయన్ని. రోడ్డు మీద, పెళ్లిళ్లలో, ఎక్కడైనా. లాగుతున్నానని నాకూ తెలీదు. మీరు లాగొద్దన్నాక, ఈయనకు రాకపోవడానికి నేనే కారణమనుకున్నాను" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఏం చేయాలన్న ఆలోచన

మూడో రోజు మధ్యాహ్నం పాఠానికి ఇంకా గంటన్నర ఉంది. నేనూ మా అసిస్టెంటూ ఖాళీ హాల్లో కూర్చుని ఒక్కో దారీ చూశాం.

పాట సౌండు పెంచడం అందరికీ ముందుగా తోచేది. వద్దనుకున్నాం. ఆ హాల్లో పాట పెంచితే దాని ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది. ఆయనకు కావలసింది పెద్ద చప్పుడు కాదు, విడిగా తెలిసే "ఒకటి". ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టడం రెండోది. దానికీ రెండు అడ్డంకులు. బ్లూటూత్‌లో పాట చెవికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది, అందరి "ఒకటి" ఒక చోట, ఆయన "ఒకటి" ఒక చోట పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆయనకున్న ఆ ఒక్క చెవినీ మూసేస్తే పక్క జంట అడుగులూ, ఆవిడ నవ్వూ ఏదీ వినపడదు. డాన్స్‌కు వచ్చింది ఒంటరిగా పాట వినడానికి కాదు కదా.

అప్పుడు నోట్‌బుక్‌లోని మూడో ముక్క గుర్తొచ్చింది. తలుపు పక్క గోడ దగ్గర తప్పుతున్నారు, ఎదుటి గోడ దగ్గర నయం. నేల మీద సుద్దముక్కతో హాలు గీశాను. బాల్‌రూమ్‌లో జంటలు హాలు చుట్టూ గడియారం ముళ్లకు ఎదురుదిశలో కదులుతాయి. దీన్నే లైన్ ఆఫ్ డాన్స్ అంటాం, ఎక్కడికి వెళ్లినా ఇదే నియమం. ఆ దిశలో ముందుకు నడిచే మనిషికి ఎప్పుడూ కుడివైపు గోడ ఉంటుంది, ఎడమవైపు హాలు మధ్యభాగం ఉంటుంది. స్పీకరు గోడ పక్కన ఉంది కాబట్టి ఆ గోడ వెంట వెళ్లినప్పుడల్లా పాట ఆయన పనిచేయని చెవి వైపు పడుతోంది. లావు శబ్దాలు తలను చుట్టుకుని అవతలి చెవికి చేరతాయి గానీ, పియానో తాకిడి, తాళం చప్పుడు లాంటి సన్నని శబ్దాలకు తల అడ్డుగోడ అవుతుంది. ఎడమ చెవికి మిగిలేది పైకప్పు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని. ఎదుటి గోడ దగ్గరికి వెళ్లేసరికి స్పీకరు ఎడమవైపు వస్తుంది, ఆయన మళ్లీ మనుషుల్లో పడతారు.

అంటే పాటను హాలు మధ్యలో పెడితే, ఆయన ఏ గోడ పక్కన ఉన్నా ఎడమ చెవి పాట వైపే ఉంటుంది. ఇన్నేళ్లుగా నేను నేర్పుతున్న నియమమే జవాబు ఇచ్చింది. ప్లగ్ గోడకు ఉంది కాబట్టి స్పీకరు గోడకు పెట్టాను, అంతకుమించి దానికి కారణం లేదు. వైరు కాళ్లకు తగులుతుందని బ్యాటరీ స్పీకరు తెచ్చి, మధ్యలో ఎత్తు స్టూలు మీద పెట్టాం. నేను కూడా మధ్యలోనే నిలబడి లెక్క చెప్పాలని అనుకున్నాం. గోడల వెంట కుర్చీలు వేసి వాటి మీద దుప్పట్లు కప్పాం, ప్రతిధ్వని కొంతైనా తగ్గుతుందని.

పాటలు కూడా మార్చాను. నేను వాడేవి స్ట్రిక్ట్ టెంపో రికార్డులు. 1922లో ప్రపంచ బాల్‌రూమ్ పోటీ గెలిచిన విక్టర్ సిల్వెస్టర్ ఆ తర్వాత సొంత ఆర్కెస్ట్రాతో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. పాట మొదటి నుంచి చివరి దాకా వేగం ఇసుమంత కూడా మారదు, అందుకే నేర్చుకునే వాళ్లకు అవి వరం. కానీ నా దగ్గరున్న వాటిలో చాలా వాటికి తాళం చాలా మెత్తగా ఉంటుంది. వేగం అంతే నిలకడగా ఉండి, "ఒకటి" మీద బేస్ గట్టిగా పడే నాలుగు పాటలు ఏరి పెట్టుకున్నాను.

ఇక మిగిలింది ఆవిడ చెయ్యి. లాగడం తిరిగి మొదలుపెట్టమంటే ఆయన నిలకడ చెడుతుంది, ఆవిడ భుజం నొప్పెడుతుంది. మానమంటే ఆయనకు దారి లేదు. మా అసిస్టెంట్ ముందురోజు చెప్పిన మాట అప్పుడు పనికొచ్చింది. వాల్ట్జ్ పట్టులో ఆవిడ ఎడమచెయ్యి ఆయన కుడి జబ్బ మీద ఉంటుంది. అక్కడ వేళ్లతో "ఒకటి" మీద మాత్రం చిన్నగా నొక్కమన్నాం. తలుపు తట్టినట్టు కాదు, నాడి చూసినట్టు. ఎటు వెళ్లాలో ఆయనే చెబుతారు, ఎప్పుడన్నది ఆవిడ చెబుతారు. ఇది సరైన ఫాలో కాదని అనేవాళ్లుంటారు. పరీక్షకో పోటీకో పంపేవాళ్లతో అయితే నేనూ ఆలోచిస్తాను. వీళ్లిద్దరూ వచ్చింది కలిసి ఒక పాట పూర్తిచేయడానికి.

ఏం జరిగింది

మధ్యాహ్నం పాఠంలో హాలు అమరిక ఎందుకు మారిందో ఎవరికీ చెప్పలేదు, ఆయన చెప్పొద్దన్నారు కాబట్టి. మొదటి రౌండులో తలుపు పక్క గోడ దగ్గరికి వచ్చేసరికి నా ఊపిరి ఆగినట్టయింది. ఆయన కుడికాలు "ఒకటి" మీదే పడింది. గోడ మొత్తం దాటారు. రెండో రౌండులో ఒకసారి తప్పారు, కానీ నిలబడిపోలేదు. ఉన్నచోటే బరువు అటూ ఇటూ ఊపుతూ ఆగి, జబ్బ మీద నొక్కు తెలియగానే మళ్లీ బయల్దేరారు. నాకు అదే ముఖ్యంగా అనిపించింది. తప్పకపోవడం కాదు, తప్పాక తిరిగి ఎక్కడం వచ్చింది.

ఆవిడ తల మొదటిసారి ఎడమవైపు తిరిగి ఉంది. అంతకుముందు రెండు రోజులూ ఆయన ముఖంలోకి చూస్తూనే ఉన్నారు, అందుకే మెడ బిగుసుకుపోయేది.

అన్నీ కుదిరాయని చెప్పను. రాత్రి ప్రాక్టీసులో చుట్టూ కబుర్లు, నవ్వులు. స్పీకరు మధ్యలో ఉన్నా ఆయనకు ఏమీ అందలేదు. రెండు పాటలు చూసి కూర్చున్నారు. దానికి నా దగ్గర మందు లేకపోయింది. మర్నాటి నుంచి ప్రాక్టీసులో మొదటి అరగంట మాటలు లేకుండా వేద్దామని అందరినీ అడిగాను, ఒప్పుకున్నారు. దానివల్ల మిగతా వాళ్ల అడుగులు కూడా శుభ్రపడ్డాయి.

నాలుగో రోజు తిరగడం నేర్పేటప్పుడు ఇంకో చిక్కు. వాల్ట్జ్ అన్న మాటే జర్మన్‌లో తిరగడం, దొర్లడం నుంచి వచ్చింది. తిరగకుండా ఎన్నాళ్లో వేయలేరు. నేచురల్ టర్న్‌లో మనిషి కుడివైపు తిరుగుతాడు, సగం తిరిగేసరికి ఎడమ చెవి గోడ వైపు, కుడి చెవి పాట వైపు. అంతవరకు నడిచిన ఏర్పాటు ఆ మూడు బీట్ల కాలం పనిచేయదు. అక్కడ ఆవిడ వేళ్లే దిక్కు. కానీ తిరిగేటప్పుడు ఆయన భుజాలు బిగించేస్తారు. జబ్బ కండ రాయిలా అయితే నొక్కు తెలియదు. అందుకని తిరగడాన్ని హాల్లో కాక చిన్న గదిలో, పాట లేకుండా, ఊపిరి వదులుతూ వేయించాం. నాలుగో రోజు సాయంత్రానికి పదిసార్లలో అయిదారుసార్లు వచ్చింది. హాల్లో వేయడానికి అది చాలదు. మూలల దగ్గర తిరగకుండా, అడుగులు చిన్నవి చేసి, ముందుకు నడిచే అడుగులతోనే మెల్లగా ఒంపు తీసుకోవడం చూపించాను. ఆయనకు అది నచ్చింది. నేచురల్ టర్న్ ఈ శిబిరంలో వద్దని ఇద్దరూ కలిసే అనుకున్నారు.

చివరి రాత్రి మూడు వాల్ట్జ్‌లు పెట్టాను. మూడింటికీ లేచారు. రెండోదాంట్లో రెండుసార్లు లెక్క పోయింది, రెండుసార్లూ ఆయనే పట్టుకున్నారు. మూడోది అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి వేళ్లు చూపించారు. "ఇప్పుడు నొక్కడం కూడా మర్చిపోయానండీ సగంలో" అన్నారు. ఆయన మా వెనకే ఉన్నారు, ఎడమవైపున. వినిపించింది, నవ్వారు.

నా పనిలో మారినవి

ఫారంలో ఇప్పుడు ఒక ప్రశ్న చేర్చాను. "వినికిడి సమస్య ఉందా?" అని కాదు, "మీకు ఏ చెవి బాగా వినిపిస్తుంది: ఎడమ, కుడి, రెండూ ఒకటేనా?" అని. సమస్య ఉందా అంటే లేదని టిక్కు పెట్టేవాళ్లు, ఏ చెవి అంటే ఆగి ఆలోచించి రాస్తున్నారు. చప్పట్ల పరీక్ష ఇప్పటికీ పెడుతున్నాను, కాకపోతే అందరూ గోడ వైపు తిరిగి నిలబడాలి. ఎవరి చేతులూ ఎవరికీ కనిపించవు. స్పీకరు ఏ హాల్లోనైనా మధ్యలోనే. మధ్యలో ప్రాక్టీసు చేసుకునే జంటలకు కొంత చోటు తగ్గుతుంది, స్టూలు చుట్టూ జాగ్రత్తగా తిరగాలి. ఆ మాత్రం ఇబ్బందికి నేను సిద్ధం.

ఎవరి చెయ్యి అయినా లాగుతుంటే వెంటనే మాన్పించడం ఆపేశాను. ముందు ఒక పాట మొత్తం చూస్తాను: ఏ బీట్ దగ్గర లాగుతోంది, హాల్లో ఏ చోట, లాగకపోతే ఎదుటి మనిషికి ఏమవుతోంది. చాలాసార్లు అది వట్టి తొందరే, మాన్పిస్తే పోతుంది. ఒక్కోసారి మాత్రం ఆ చెయ్యి చేస్తున్న పని వేరే ఉంటుంది.

దూరంగా పెట్టే శిబిరం వల్ల నాకు దొరికిన మేలు కూడా చెప్పాలి. వారానికి గంట పాఠంలో ఈ దంపతులు వచ్చి ఉంటే ఆయన మూడో వారానికి మానేసేవారు, నేను "చెవి లేదు" అని అనుకుని ఊరుకునేవాణ్ని. ఒకే బల్ల దగ్గర తినడం, ఒకే దారిలో నడవడం వల్లే తెలిసింది. ఇప్పుడు మొదటి రోజు సాయంత్రమే నడకకు తీసుకెళుతున్నాను, మూడో రోజు దాకా ఆగడం లేదు. ఎవరు ఎవరికి ఏ పక్కన నడుస్తున్నారో చూస్తాను.

తర్వాతి శిబిరానికి ఎడమ చెవి పనిచేయని ఒకావిడ వచ్చారు. స్పీకరు మధ్యలో పెడితే ఆవిడకు నష్టమేమో అని భయపడి మళ్లీ సుద్దముక్కతో గీశాను. ఫాలో అయ్యే మనిషి లైన్ ఆఫ్ డాన్స్‌లో వెనక్కి నడుస్తుంది, కాబట్టి హాలు మధ్యభాగం ఆవిడకు కుడివైపు ఉంటుంది. అదే ఏర్పాటు ఆవిడకూ సరిపోయింది. ఎడమ చెవి పనిచేయని మనిషి లీడ్ చేయాల్సి వస్తే మాత్రం ఇది కుదరదు. అప్పుడు పాట గోడల వైపు నుంచి రావాలి, నాలుగు గోడలకూ నాలుగు స్పీకర్లు, ఒకేసారి, ఆలస్యం లేకుండా. దానికి వైర్లతోనే పని. వచ్చే శిబిరానికి ముందు ఖాళీ హాల్లో ఒకసారి పెట్టి చూడబోతున్నాను, ఎడమ చెవిలో దూది కుక్కుకుని నేనే లీడ్ చేస్తాను, మా అసిస్టెంట్ ఫాలో అవుతుంది.